కోడిపిల్ల ప్రేగులలో మిత్రజీవులు

కాచి చల్లార్చిన పాలను రెండు గిన్నెలలో పోసి, ఒకదానిలో చెంచాడు మజ్జిగ తోడు వేసి, రెండవదానిని ఊరకే వదలి ఉంచితే, తెల్లవారేసరికి మొదటి గిన్నెలోని పాలు కమ్మని పెరుగవుతవి. రెండవ గిన్నెలోని పాలు కూడ ఎంతోకాలం అట్లాగే ఉండిపోవు. గాలినుండి, గిన్నెనుండి వచ్చిపడిన ఏవో సూక్ష్మజీవులు వాటిలో పెరిగి, ఒకటి రెండు దినాలలో పాలు విరిగి దుర్వాసన వేస్తవి. రెండు గిన్నెలలోని పాలూ ఒక్కటే. ముందుగా ప్రవేశించిన జీవులు వేరు. తోడులోని బాక్టీరియా మొదట చేరి, పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మార్చి, ఆ పులుపును సహించలేని ఇతర జీవులకు చోటు లేకుండ చేస్తవి.

అప్పుడే గ్రుడ్డునుండి వెలువడిన కోడిపిల్ల ప్రేగు కూడ ఒక విధంగా తోడు వేయని పాలగిన్నె వంటిదే. అందులో మొదట ఏ జీవులు స్థిరపడతవి అనేదానిపై ఆ పిల్ల ఆరోగ్యమే గాక, ఆ కోడి మాంసాన్ని తినే మనుష్యుల ఆరోగ్యం కూడ కొంతవరకు ఆధారపడి ఉన్నది. కోళ్ల పెంపకంలో ప్రోబయాటిక్ అనే పేరుతో నేడు వాడుకలో ఉన్న పదార్థాల వెనుకనున్న శాస్త్రమంతా ఈ ఒక్క విషయం చుట్టూ అల్లుకొని ఉన్నది.

ప్రేగులలోని జనాభా

కోడి తిన్న గింజ మొదట మెడ అడుగునగల మేతసంచిలో కొంతసేపు నిలిచి నానుతుంది. తరువాత జీర్ణరసాలతో కలిసి కందనకాయలో నలుగుతుంది. అక్కడనుండి చిన్నప్రేగుకు పోయి, చాలవరకు జీర్ణమవుతుంది. చిన్నప్రేగు, పెద్దప్రేగు కలిసే చోట రెండు తిత్తులవంటి గొట్టాలున్నవి. ఒక కొస మూసుకొని ఉండుటచేత వీటిని అంధనాళాలు అంటారు. జీర్ణంకాని పీచుపదార్థం కొంత ఈ నాళాలలో చేరి, సూక్ష్మజీవుల చర్యవల్ల పులుస్తుంది.

సూక్ష్మజీవులు ఈ మార్గమంతటా ఒకే విధంగా లేవు. మేతసంచి గోడను అంటిపెట్టుకొని ముఖ్యంగా లాక్టోబాసిల్లస్ జాతి బాక్టీరియా నివసిస్తవి. ఇవి పెరుగులోని బాక్టీరియాకు దగ్గరి బంధువులు. అంధనాళాలలో ప్రాణవాయువు దాదాపుగా ఉండదు. అందువల్ల ప్రాణవాయువు తగిలితే చనిపోయే బాక్టీరియా అక్కడ దట్టంగా పెరుగుతవి. పెరిగిన కోడి అంధనాళాలలోని ఒక గ్రాము పదార్థంలో ఇవి వేల కోట్ల సంఖ్యలో ఉంటవి. వీటిలో వందలాది రకాలు ఉన్నవి.

కాని గ్రుడ్డును పగులగొట్టుకొని వచ్చిన పిల్ల ప్రేగులలో ఈ జనాభా దాదాపు శూన్యం. తరువాత కొద్ది గంటలలోనే అది ముట్టిన పెంకు, పొడిచిన నేల, త్రాగిన నీరు, తిన్న దాణా ద్వారా సూక్ష్మజీవులు లోపల ప్రవేశిస్తవి. అనుకూలమైన పరిస్థితులలో కొన్ని బాక్టీరియా 20 నిమిషాలకొకసారి రెండుగా చీలుతవి. ఆ లెక్కన ఒక్క బాక్టీరియంనుండి 8 గంటలలో 1 కోటి 67 లక్షలకు పైగా ఏర్పడగలవు. ప్రేగులో ఇంత వేగం సాధారణంగా ఉండదు. అయినా, ఖాళీగా ఉన్న చోటికి మొదట చేరిన జీవికి ఎంత లాభమో ఈ లెక్కవల్ల గ్రహించవచ్చు. మేతసంచిలోని లాక్టోబాసిల్లస్‌లు కొద్ది దినాలలోనే స్థిరపడతవి. అంధనాళాలలోని సంకీర్ణమైన జనాభా పూర్తిగా కుదురుకొనుటకు కొన్ని వారాలు పడుతుంది. ఈ మధ్యకాలమే ప్రమాదకరమైనది.

తల్లినుండి దూరమైన పిల్ల

పెరట్లో పొదిగిన కోడి తన పిల్లలను వెంటబెట్టుకొని తిరుగుతుంది. అది గీకిన మట్టిలోనే పిల్లలు గింజలు ఏరుకొంటవి. ఆ మట్టిలో తల్లి రెట్ట కూడ కలిసి ఉంటుంది. చూచుటకు అసహ్యంగా తోచినా, తల్లి ప్రేగులలోని జీవులు పిల్లకు సంక్రమించే మార్గం ఇదే. ఈ విధంగా ఒక తరం జీవులు తరువాతి తరానికి అందుతూ వచ్చినవి.

హాచరీలలో పద్ధతి వేరు. తల్లికోడి గ్రుడ్డు పెట్టిన వెంటనే దానిని వేరుచేస్తారు. గ్రుడ్లను శుభ్రపరచి, పొదుగు యంత్రంలో 21 దినాలు తగిన వేడిలో ఉంచి, పిల్లలు వెలువడగానే పెట్టెలలో పెట్టి కోళ్ల ఫారాలకు పంపుతారు. లక్షల సంఖ్యలో కోళ్లను పెంచుటకు ఇది తప్పనిసరి. దీనివల్ల తల్లినుండి పిల్లకు వచ్చే కొన్ని రోగాలు కూడ తగ్గినవి. అయితే రోగకారకాలతోపాటు మిత్రజీవులు కూడ ఆగిపోయినవి. కొత్తగా పరచిన ఊకమీద, వేలాది పిల్లల నడుమ దిగిన పిల్లకు, దాణాలోనో నీటిలోనో హానికరమైన జీవి ముందుగా దొరికితే, దానిని అడ్డగించే జనాభా లోపల లేదు.

ఇట్టి హానికరమైన జీవులలో సాల్మొనెల్లా ముఖ్యమైనది. దీనిలోని కొన్ని రకాలు కోడిపిల్లలను చంపుతవి. మరికొన్ని రకాలు కోడికి పైకి కనిపించే జబ్బేమీ కలిగించక, దాని ప్రేగులలో నివసిస్తూ, కోత సమయంలో మాంసానికి అంటుకొని, సరిగా ఉడకని వంటకం ద్వారా మనుష్యులకు జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు కలిగిస్తవి. ఈ రెండవ తరగతి రకాలను గుర్తించుట కష్టం, ఎందుకంటే కోడి చూచుటకు ఆరోగ్యంగానే ఉంటుంది.

ఫిన్లండులో జరిగిన పరిశోధన

1971లో ఫిన్లండు దేశంలోని బ్రాయిలర్ కోళ్లలో సాల్మొనెల్లా ఇన్ఫాంటిస్ అనే రకం విస్తారంగా వ్యాపించినది. కలుషితమైన దాణా ద్వారా అది ఫారాలకు చేరినది. ఆ సందర్భంలో ఎస్కో నూర్మి, మార్యట్టా రంటాలా అనే శాస్త్రజ్ఞులు ఒక ప్రశ్నను పరిశీలించినారు. పెద్దకోడికి సాల్మొనెల్లా సోకవలెనంటే ఆ బాక్టీరియా చాల పెద్ద సంఖ్యలో లోపలికి పోవలెను. ఒక దినం వయస్సుగల పిల్లకు మాత్రం అతి కొద్ది సంఖ్య చాలును. ఈ తేడా ఎందువల్ల?

పిల్ల శరీరం బలహీనమైనది అనే సమాధానం వారికి చాలలేదు. పెద్దకోడి ప్రేగులలో స్థిరపడిన జనాభాయే దానికి రక్షణ కల్పిస్తున్నదని వారు ఊహించినారు. ఊహను పరీక్షించుటకు సాల్మొనెల్లా లేని ఆరోగ్యవంతమైన పెద్దకోళ్ల మేతసంచి, ప్రేగులలోని పదార్థాన్ని తీసి, పలుచన చేసి, అప్పుడే పుట్టిన పిల్లలకు నోటి ద్వారా ఇచ్చినారు. తరువాత వాటికి సాల్మొనెల్లాను కూడ ఇచ్చి, ఏమీ ఇవ్వని పిల్లలతో పోల్చి చూచినారు. ముందుగా ప్రేగు పదార్థాన్ని పొందిన పిల్లలలో సాల్మొనెల్లా నిలద్రొక్కుకొనుట చాలవరకు ఆగిపోయినది. 1973లో ఈ ఫలితాలు నేచర్ పత్రికలో ప్రకటింపబడినవి.

పెద్దకోడికి నెలల తరబడి కూడిన రక్షణ ఒక్క దినపు పిల్లకు ఒక్క మోతాదుతో అందినది. మందు ఏదీ వాడలేదు. ఒక జీవి ఆక్రమించిన చోట మరొక జీవి చేరలేకపోవుటను పోటీవల్ల బహిష్కారం అంటారు. కోళ్ల విషయంలో దీనికి నూర్మి సిద్ధాంతం అనే పేరు స్థిరపడినది.

అడ్డగించే విధానం

మిత్రజీవులు శత్రుజీవులను అడ్డగించుట నాలుగు విధాలుగా జరుగుతుంది.

మొదటిది స్థలం. హానికరమైన బాక్టీరియా ప్రేగు గోడను అంటిపెట్టుకోలేకపోతే, జీర్ణమవుతున్న ఆహారంతోపాటు కొట్టుకొనిపోతవి. అంటుకొనుటకు అనువైన చోట్లను మిత్రజీవులు ముందుగా ఆక్రమిస్తే వాటికి ఆధారం దొరకదు.

రెండవది ఆహారం. ప్రేగులో మిగిలిన చక్కెరలు మొదలైన పోషకాలను వందలాది రకాల బాక్టీరియా పంచుకొని తింటున్నప్పుడు, కొత్తగా వచ్చిన జీవికి మిగిలేది తక్కువ.

మూడవది ఆమ్లాలు. లాక్టోబాసిల్లస్‌లు లాక్టిక్ ఆమ్లాన్ని, అంధనాళాలలోని బాక్టీరియా ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లాలను తయారుచేస్తవి. పరిసరం పులుపుగా ఉన్నప్పుడు ఈ ఆమ్లాల అణువులు సాల్మొనెల్లా కణంలోనికి చొచ్చుకొనిపోయి, అక్కడ విడిపోయి, కణం లోపలి స్థితిని చెరుస్తవి. పైగా బ్యుటిరిక్ ఆమ్లం కోడి ప్రేగు గోడలోని కణాలకు ఆహారంగా ఉపయోగపడుతుంది. పిల్ల అంధనాళాలలో ఈ ఆమ్లాలు మొదటి దినాలలో తక్కువగా ఉండి, జనాభా పెరిగినకొద్దీ పెరుగుతవి.

నాలుగవది శరీర రక్షణశక్తికి శిక్షణ. ప్రేగు గోడ వెంట రోగనిరోధక కణాలు పెద్దసంఖ్యలో ఉంటవి. హానిచేయని జీవుల సాన్నిధ్యంలో ఈ కణాల వ్యవస్థ వికసిస్తుంది. సూక్ష్మజీవులు లేకుండ పెంచిన జంతువులలో అది అపరిపక్వంగా మిగిలిపోతుందని పరిశోధనలు నిరూపించినవి.

మందుల మార్గం, దాని ఫలితం

ప్రేగు జనాభాను మార్చి కోళ్లను పెంచుట అంతకుముందే వేరొక మార్గంలో ప్రారంభమైనది. అమెరికాలోని లీడర్లీ ప్రయోగశాలలలో, భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన విభాగానికి అధిపతిగా ఉన్న కాలంలో, బెంజమిన్ డగ్గర్ ఒక మట్టి సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అనే మందును కనుగొన్నాడు. 1948లో అది లోకానికి వెల్లడి అయినది. సుబ్బారావు అదే సంవత్సరం ఆగస్టులో మరణించినారు. ఆ సంస్థలోనే థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ అనే శాస్త్రజ్ఞులు బి12 విటమిన్ కొరకు వెదకుతూ, ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు దాణాలో కలిపి పెట్టినారు. విటమినువల్ల రావలసినదానికంటె పిల్లలు ఎక్కువగా పెరిగినవి. ఆ పెరుగుదలకు పిప్పిలో మిగిలిన మందే కారణమని తేలినది.

ఆ తరువాత అనేక దేశాలలో రోగంలేని కోళ్లకు కూడ ప్రతిదినం కొద్ది మోతాదులో ఆంటిబయాటిక్ మందులను దాణాలో కలుపుట వాడుక అయినది. మందు ఎట్లా పనిచేస్తున్నదో తెలుపుటకు ఇంగ్లండులో జరిగిన ఒక పరిశోధన ఉపకరించినది. 1963లో ప్రకటించిన ఆ పరిశోధనలో మేరీ కోట్స్, ఆమె సహచరులు కొన్ని పిల్లలను ఏ సూక్ష్మజీవీ లేని పెట్టెలలో, కొన్నిటిని మామూలు పరిసరాలలో పెంచి, పెనిసిలిన్ పెట్టినారు. మామూలు పిల్లల పెరుగుదల హెచ్చినది. సూక్ష్మజీవులు లేని పిల్లలలో అట్టి మార్పు కనిపించలేదు. మందు పనిచేసేది పిల్ల శరీరంపై గాక, దాని ప్రేగులోని జీవులపై అని దీనివల్ల స్పష్టమైనది.

అయితే కొద్ది మోతాదుకు చావని బాక్టీరియా మిగిలి, తమ నిరోధశక్తిని సంతానానికి, పొరుగు బాక్టీరియాకు కూడ అందిస్తవి. పశువులకు, కోళ్లకు పెట్టే అవోపార్సిన్ అనే మందు, ఆస్పత్రులలో ప్రాణాపాయస్థితిలో వాడే వాంకోమైసిన్ మందుకు దగ్గరి బంధువు. మొదటిదానికి అలవడిన బాక్టీరియా రెండవదానికి కూడ లొంగలేదు. స్వీడన్ 1986లోనే పెరుగుదల కొరకు ఆంటిబయాటిక్‌లు వాడుటను నిషేధించినది. డెన్మార్క్ 1995లో అవోపార్సిన్‌ను ఆపివేసినది. యూరపు సమాఖ్య 2006 జనవరి 1 నుండి పెరుగుదల మందులుగా ఆంటిబయాటిక్‌లను పూర్తిగా మానిపించినది. మనదేశంలో మనుష్యుల చికిత్సలో చివరి ఆయుధాలలో ఒకటైన కోలిస్టిన్‌ను, ఆహారం కొరకు పెంచే జంతువులలోను, కోళ్లలోను వాడరాదని కేంద్రప్రభుత్వం 2019 జులైలో ఉత్తరువు చేసినది. గ్రుడ్ల ఉత్పత్తిలో దేశంలో ముందున్న ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల రైతులకు ఇది దూరపు విషయం కాదు.

ప్రోబయాటిక్ అనగా నేమి?

హానిచేసే జీవులను మందుతో చంపుటకు బదులు మేలుచేసే జీవులను చేర్చవలెననే ఆలోచన పాతదే. పెరుగులోని బాక్టీరియా ప్రేగులలో కుళ్లును అరికట్టి ఆయుర్దాయాన్ని పెంచవచ్చునని నాటి రష్యా సామ్రాజ్యంలో జన్మించిన ఇల్యా మెచ్నికోఫ్ 20వ శతాబ్ది తొలి సంవత్సరాలలో వాదించినాడు. రోగనిరోధక శక్తిపై చేసిన కృషికి 1908లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చినది. ప్రోబయాటిక్ అనే మాటకు తరువాతి కాలంలో అర్థాలు మారుతూ వచ్చినవి. 1989లో రాయ్ ఫుల్లర్ అది సజీవమైనదై ఉండవలెనని నొక్కిచెప్పినాడు. 2001లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి ఏర్పాటుచేసిన నిపుణుల సంఘం, తగిన పరిమాణంలో ఇచ్చినప్పుడు ఆతిథ్యమిచ్చే ప్రాణికి ఆరోగ్యలాభం చేకూర్చే సజీవ సూక్ష్మజీవులను ప్రోబయాటిక్‌లు అనవలెనని నిర్ణయించినది.

ఈ నిర్వచనంలో మూడు షరతులున్నవి. జీవులు ప్రాణంతో ఉండవలెను. చాలినంత సంఖ్యలో ఉండవలెను. వాటివల్ల లాభం పరీక్షలో రుజువు కావలెను. ఈ మూడింటిలో ఏది లోపించినా ఆ పేరు చెల్లదు.

కోళ్లకు వాడే వాటిలో రెండు తరగతులున్నవి. మొదటి తరగతిలో పేరు, లక్షణాలు తెలిసిన ఒకటి లేక కొన్ని రకాల జీవులుంటవి. లాక్టోబాసిల్లస్, ఎంటెరోకోకస్, బాసిల్లస్, ఈస్టు ఇందుకు ఉదాహరణలు. దాణాను గుళికలుగా చేసేటప్పుడు ఆవిరి పట్టించి సుమారు 80 సెంటీగ్రేడు డిగ్రీల వేడికి గురిచేస్తారు. ఆ వేడికి లాక్టోబాసిల్లస్‌లు చాలవరకు చనిపోతవి. అందువల్ల వాటిని నీటిలో కలిపి ఇచ్చుట మేలు. బాసిల్లస్ జాతి జీవులు గట్టి పొరగల బీజరూపాన్ని పొంది, ఆ వేడిని తట్టుకొని, ప్రేగులో మేల్కొంటవి. దాణాలో వీటి వాడుక పెరుగుటకు ఇదొక కారణం.

రెండవ తరగతి నూర్మి సిద్ధాంతాన్ని అనుసరించినది. పెద్దకోడి ప్రేగులలోని అనేక రకాల జీవులను, రోగకారకాలు లేవని పరీక్షించి, ప్రాణవాయువు తగలకుండ పెంచి, మిశ్రమంగా ఇస్తారు. ఫిన్లండులో బ్రాయిలాక్ట్ అనే మిశ్రమం 1987లో అమ్మకానికి వచ్చినది. అమెరికా వ్యవసాయశాఖ శాస్త్రజ్ఞులు టెక్సస్ రాష్ట్రంలో రూపొందించిన 29 రకాల బాక్టీరియా మిశ్రమానికి 1998లో ఆ దేశపు ప్రభుత్వ అనుమతి లభించినది. హాచరీలో పిల్లలపై దానిని తుంపరగా చల్లుతారు. ఈకలమీద పడిన తుంపరను పిల్లలు ముక్కుతో సవరించుకొంటూ మింగుతవి. పనిచేసే జీవుల రకాలు ఎక్కువైనకొద్దీ రక్షణ గట్టిదవుతుందని, ఒకే ఒక రకం లాక్టోబాసిల్లస్ ఈ పనిని పూర్తిగా చేయలేదని పరిశోధనలలో కనిపించినది.

పరిమితులు

ప్రోబయాటిక్ సర్వరోగ నివారిణి కాదు. సాల్మొనెల్లా ముందుగా స్థిరపడిన పిల్లకు తరువాత ఇస్తే లాభం తగ్గుతుంది. మిత్రజీవులను ఇస్తూనే ఆంటిబయాటిక్ మందును కూడ ఇస్తే, వాటిలో అనేకం ఆ మందుకే చనిపోతవి. కొక్కెర తెగులు అని పిలిచే రాణిఖేత్ వ్యాధి వైరస్‌వల్ల వచ్చేది. దానికి టీకాయే మార్గం. నీటి శుభ్రత, ఊక పొడిగా ఉంచుట, ఎలుకలను అరికట్టుట అనే పనులు మానుటకు ప్రోబయాటిక్ అనుమతిపత్రం కాదు. ఒక ఫారంలో మంచి ఫలితమిచ్చిన రకం మరొకచోట ఇవ్వకపోవచ్చును.

పిల్లలకు మజ్జిగ పోస్తే చాలునా అనే ప్రశ్న కూడ సహజమే. జీవులు అంటిపెట్టుకొనే ప్రాణి విషయంలో పట్టింపు గలవి. పక్షులనుండి తీసిన లాక్టోబాసిల్లస్‌లు కోడి మేతసంచి కణాలను అంటుకొంటవని, క్షీరదాలనుండి తీసినవి అంటుకొనవని ఫుల్లర్ 1973లో చూపినాడు. మజ్జిగ మంచి ఆహారమే. అందులోని జీవులు కోడి కడుపులో కాపురముండునని మాత్రం చెప్పరాదు. ఇక పెద్దకోడి రెట్టను నేరుగా పిల్లలకు పెట్టుట ప్రమాదకరం. నూర్మి, రంటాలా సాల్మొనెల్లా లేదని తెలిసిన కోళ్లనే ఎన్నుకొన్నారు. పరీక్షలేని రెట్టద్వారా మిత్రజీవులతోపాటు రోగాలు కూడ సంక్రమిస్తవి.

తరగతిలో చేయదగిన ప్రయోగం

జీవులు ముందుగా చేరుటయందును, ప్రాణంతో ఉండుటయందును గల విలువను ఉపాధ్యాయులు సులభంగా చూపవచ్చును. ఒకే పాత్రలో కాచి గోరువెచ్చగా చల్లార్చిన పాలను మూడు శుభ్రమైన గాజుగ్లాసులలో సమానంగా పోయవలెను. మొదటిదానిలో 10 చుక్కల మజ్జిగ వేయవలెను. రెండవదానిలో అంతే మజ్జిగను 10 నిమిషాలు మరిగించి చల్లార్చి వేయవలెను. మూడవదానిలో ఏమీ వేయరాదు. మూడింటిపై పలుచని గుడ్డ కప్పి వెచ్చని చోట ఉంచవలెను. 8 గంటల తరువాత ప్రతి గ్లాసులోను నీలి లిట్మసు కాగితాన్ని ముంచి చూడవలెను. మొదటి గ్లాసులో పాలు తోడుకొని, కాగితం స్పష్టంగా ఎర్రబడుతుంది. రెండవది దాదాపుగా మూడవదానివలెనే ఉంటుంది. మరిగించిన మజ్జిగలో పదార్థమంతా ఉన్నా, పనిచేయవలసిన జీవులు చనిపోయినవి. గ్లాసులను మరునాడు కూడ ఉంచి, మూడింటిలోని రంగు, వాసనలలో భేదాన్ని విద్యార్థులు వ్రాసికొనవలెను. ఆ పాలను రుచి చూడరాదు. పారబోసి గ్లాసులను వేడినీటితో కడుగవలెను.

ఈ ప్రయోగం తరువాత విద్యార్థులు దగ్గరలోని కోళ్ల ఫారానికి గాని దాణా దుకాణానికి గాని పోయి, ప్రోబయాటిక్ పొట్లంపై వ్రాసినదానిని చదువవచ్చును. అందులో ఏ జాతి జీవి ఉన్నది, గ్రాముకు ఎన్ని సజీవ కణాలున్నవి, ఎంత వేడిలో నిలువ ఉంచవలెను, ఏ తేదీవరకు పనికివస్తుంది అనే నాలుగు విషయాలను గమనించవలెను. ఈ నాలుగూ స్పష్టంగా లేని పొట్లాన్ని కొనుటకు ముందు పశువైద్యుని అడుగుమని రైతుకు చెప్పగలిగిన విద్యార్థి ఈ పాఠాన్ని బాగుగా నేర్చినట్లే.